రెండవ కొక్కెము

కారు కొన్నవానికి నడుపుట వచ్చిన చాలును, బానెట్టు తెరచుట రానక్కరలేదని మేము చాలకాలము నమ్మినాము. చక్రమునకు గాలి కొట్టుటకు ఒకడున్నాడు. ఆయిలు మార్చుటకు మెకానిక్కు ఉన్నాడు. ఇక ఆ రేకుమూత కింద మనకేమి పని అని మా వాదము. 2024లో దసరాకు ముందు వచ్చిన ఒక ఆదివారము ఉదయము, వర్లిలోని మా చాళు ముందర, నలుగురు చూచుచుండగా ఆ నమ్మకము చెదరినది. చెప్పుకొనుటకు కొంత సిగ్గుగానే ఉన్నది. అయినను ఈ సంచిక చదువువారిలో పాత కార్లు గలవారు, సముద్రపు గాలిలో కార్లు నిలుపుకొనువారు చాలమంది కలరు. మాకు కలిగిన అనుభవము వారికి కలుగకుండుటకై వ్రాయుచున్నాము.

ఆ దినము భివండిలో మా చెల్లెలి కూతురికి నిశ్చితార్థము. మేనమామలము గనుక ముహూర్తమునకు చాల ముందే అచ్చట ఉండవలెను. దూరప్రయాణమునకు ముందు రేడియేటరులో నీరు చూచుకొనవలెనని ఎవరో చెప్పగా విని ఉన్నాము. ఇంజను చల్లగా ఉన్నప్పుడే ఆ మూత తీయవలెను. వేడిమీద తీసినచో మరుగునీరు ముఖముమీదికి చిమ్మును. అందుచేత పొద్దుననే దిగి వచ్చి, స్టీరింగు కిందనున్న పిడిని గుంజినాము. మామూలుగా ముందువైపు 'టక్కు'మని చప్పుడై బానెట్టు రెండు వ్రేళ్ళంత పైకి లేవవలెను. ఆ దినము చప్పుడు లేదు. పిడి మాత్రము మెత్తగా చేతిలోనికి వచ్చినది.

ముందుకు పోయి చూచినాము, మూత కదలలేదు. తిరిగి లోనికి పోయి గట్టిగా గుంజినాము. బయటికి ఉరికి రేకు అంచు పట్టి లేపబోయినాము. అప్పటికి పిడి తన చోటికి తాను పోయి ఉండెను. ఇట్లు నాలుగైదు మార్లు లోపలికిని బయటికిని తిరిగినాము. ఈ వ్యాసములో మర్యాదకొరకు 'మేము' అని వ్రాయుచున్నాము గాని, ఆ ఉదయము కారువద్ద ఉన్నది ఒక్కరమే. వచ్చిన చిక్కంతయు అందులోనే ఉన్నది.

చాళులో పెరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. అంతస్తునకు ఒక్క పొడవైన వరండా. పళ్ళు తోముకొనువారు, బట్టలారవేయువారు, ఊరక నిలుచువారు అందరు దానిమీదనే ఉందురు. కింద జరుగు ప్రతి పనికి పైన ప్రేక్షకులు సిద్ధము. మా పరుగులు చూచి పిల్లలు నవ్వుచుండగా, మూడవ అంతస్తునుండి పెద్దబాపు కేక వేసినాడు. ఆయన మాకు రక్తసంబంధి కాడు. మా నాయనతోపాటు ఒక మిల్లులో, ఒక ఖాతాలో మగ్గము నడిపినవాడు గనుక పెద్దబాపు అయినాడు.

"ఏంది బిడ్డా, ఒక్కనివే రెండు దిక్కుల ఉరుకుతున్నవ్? లోపల గుంజెటోడు ఒకడు, బయట పట్టెటోడు ఒకడు ఉండాలె. ఒక్కనితోని నడవనీకి ఇదేమన్న మగ్గమా?"

డెబ్బది అయిదేండ్ల మనిషి మూడంతస్తులు దిగి వచ్చినాడు. ఏనాడును కారు నడిపినవాడు కాడు. బానెట్టు ముందంచుమీద, లాకు ఉండుచోటికి సరిగా పైన, రెండు అరచేతులు పరచి ఆనించినాడు. "నేను ఒత్తుత, నువ్వు గుంజి పట్టు. ఇడువకు" అన్నాడు. ఆయన ఒత్తినాడు, మేము గుంజి పట్టినాము. 'టక్కు'మన్నది.

మేము ఉత్సాహముతో పోయి రేకు లేపబోగా అది రెండు వ్రేళ్ళు లేచి మరల ఆగినది. "ఇంకో కొండి ఉంటది, చెయ్యి పెట్టి చూడు" అన్నాడు. సందులో వ్రేళ్ళు పెట్టి తడవగా చిన్న ఇనుప నాలుక తగిలినది. దానిని పక్కకు నెట్టగానే మూత లేచినది. ఈ సంగతి నీకెట్లు తెలిసినదని అడిగినాము. "ఇంటి తలుపుకు పైన గొళ్లెం, కింద గొళ్లెం ఉండయా? గాలికి ఎగిరే తలుపుకు ఒక్కటే పెడుతరా?" అని ఆయన సమాధానము.

అంతటితో ఆగక, పిడి ఎందుకు మెత్తగా వచ్చినదో కూడ ఆయనయే చెప్పినాడు. చిన్ననాడు కరీంనగరు జిల్లాలోని తమ ఊరిలో ఆయన గుంటమగ్గముమీద నేసినవాడు. ఆ మగ్గములో నాడెను చేతితో విసరరు. నడుమ వ్రేలాడు పిడిని గుంజినచో త్రాడు కదలి, త్రాడు కొనయందలి కట్టె నాడెను ఆ కొననుండి ఈ కొనకు తరుమును. 1733లో ఇంగ్లండులో జాన్ కే అనునతడు కనిపెట్టిన ఏర్పాటు అది. "తాడు సాగితే పిడి కదులుతది గని నాడె కదలది. నీ కారుల తాడు సాగింది" అన్నాడు పెద్దబాపు. కారుకింద ఒక్క పర్యాయమైన తొంగిచూడని మనిషి రోగమును సరిగా పట్టినాడు.

ఇంతలో కామాఠిపురనుండి మా బావ వచ్చినాడు. ఆయన మా మేనత్త కొడుకు. ఇరువది ఏండ్లు పద్మిని టాక్సీ నడిపినవాడు. కుర్లా కర్మాగారములో 1964నుండి తయారైన ఫియట్ బండియే 1974లో పద్మిని అను పేరు ధరించినది. నలుపు పసుపు రంగులతో బొంబాయి వీధులకు గుర్తుగా నిలిచిన ఆ టాక్సీలు 2023 అక్టోబరు 30తో రోడ్డునుండి తొలగినవి. వానిని నడిపినవారు సగము డ్రైవర్లు, సగము మెకానిక్కులు. భివండికి ఆయనయు తన కుటుంబముతో తన కొత్త టాక్సీలో బయలుదేరి, మమ్ము కలుపుకొని పోవుటకు వర్లికి వచ్చినాడు. తెరచిన బానెట్టు చూచి, పండుగ చొక్కా చేతులు పైకి మడచి వంగినాడు.

ఆయన చూపగా మేము తెలిసికొన్నది ఇది. లోపలి పిడినుండి ముందరి లాకువరకు సన్నని ఉక్కుతీగ పోవును. అది ఒక గొట్టములో ఇమిడియుండును. గొట్టము కదలక నిలిచి, లోని తీగ మాత్రము జరిగినప్పుడే ఇక్కడి గుంజుడు అక్కడికి చేరును. ఇట్టి తీగకు 1896లో ఎర్నెస్ట్ బౌడెన్ అనునతడు పేటెంటు పొందినాడు; సైకిలు బ్రేకులలో ప్రతిదినము మనము చూచునది అదియే. బానెట్టు కింద ఒక ఇనుప కడ్డీ ఉండును. లాకులోని కొక్కెము దానిని పట్టుకొనును. తీగ గుంజినప్పుడు కొక్కెము తొలగును, స్ప్రింగు మూతను కొంచెము లేపును. అప్పటికిని మూత పూర్తిగా విడివడదు. రెండవ కొక్కెము దానిని పట్టి ఉంచును. ఆ రెండవదానిని చేతితోనే తొలగించవలెను.

మా కారులో మూడు లోపములు కలిసివచ్చినవి. గొట్టమును పట్టి ఉంచు బిళ్ళ ఊడినది. అందుచేత తీగతోపాటు గొట్టమును జరిగి సగము గుంజుడు వృథా అగుచున్నది. తీగయు సాగినది. ఇక లాకు సంగతి. వర్షకాలములో పోటు వచ్చినప్పుడు వర్లి సీఫేసు గోడ దాటి అలలు రోడ్డుమీద పడును. ఆ ఉప్పుగాలి నాలుగు నెలలు లాకులో చేరి తుప్పై, దానిపై దుమ్ము పేరి, కొక్కెము బిగిసినది. పెద్దబాపు పైనుండి ఒత్తుటచే కడ్డీ బరువు కొక్కెముమీదనుండి తొలగినది. అందుకే సగము గుంజుడుకే అది జారినది. పిడికిలితో గుద్దవలదనియు, రేకు నడుమ ఒత్తినచో గుంట పడుననియు, అరచేతులతో లాకుమీదనే ఒత్తవలెననియు బావ చెప్పినాడు.

లోని పిడియే విరిగినచో బయటపడిన తీగకొనను ప్లయరుతో పట్టి గుంజవచ్చును. తీగయే తెగినచో ముందరి జాలీ సందునుండి గాని కిందినుండి గాని టార్చి వేసి, వంకీ తిరిగిన పొడవాటి కడ్డీతో కొక్కెమును జరుపవలెను. అప్పుడు బండి చదునుచోట ఉండవలెను, హ్యాండుబ్రేకు వేసి ఉండవలెను. జాకీమీద మాత్రమే నిలిచిన బండికింద తల పెట్టరాదు. ఇంజను ఆపినను కొన్ని బండ్లలో ఫ్యాను తనంతట తాను తిరుగును గనుక తాళము తీసి, బండి చల్లారినతరువాతనే చేయి పెట్టవలెను. ఇవి తెలిసినవాని పనులు. తెలియనివారు తెలిసినవానిని పిలుచుట మేలు.

బావ కిరసనాయిలులో ముంచిన కుంచెతో లాకు కడిగి, గుడ్డతో తుడిచి, గ్రీజు పట్టించినాడు. గొట్టమును తీగతో బిగించి కట్టినాడు. తరువాత ఆయన చేసిన పని అందరు నేర్వదగినది. వెంటనే మూత మూయలేదు. తెరచియుండగనే స్క్రూడ్రైవరుతో కొక్కెమును మూసిన స్థితికి నెట్టినాడు. మమ్ము లోపల పిడి గుంజుమన్నాడు. అది విడివడుట కంటితో చూచినాడు. మూడుమార్లు అట్లు పరీక్షించినగాని మూయలేదు. పరీక్షింపక మూసినచో మరల తెరచుకొనకపోవచ్చును గదా. మూయునప్పుడు జానెడెత్తునుండి వదలి, ముందంచు పట్టి రెండు చేతులతో పైకి లేపి చూచినాడు. కదలలేదు.

"బామ్మర్దీ, కొక్కెం అంచు అరిగింది. రేపు కొత్త లాకు ఏపియ్యి. ఇయ్యాల మెల్లగ రా. నేను ఎనక వస్త. లేకుంటే ఇది ఈడనే ఉండనియ్యి, నా బండిల ఇరుక్కొని పోదాం" అన్నాడు.

ఇరుకుకొని పోవుట మాకు ఇష్టము లేకపోయినది. నిజము చెప్పవలెనన్న, చెల్లెలి గుమ్మమున సొంతకారులో దిగవలెనను దుగ్ధ మాకుండెను. వరునివైపువారు చూతురు గదా! బావ చేతులు కడుగుకొనుటకు పోయినాడు. అప్పుడు జ్ఞాపకము వచ్చినది: ఏ నీటికొరకు ఈ తతంగమంతయు జరిగినదో ఆ నీరు చూడనేలేదు. గబగబ పిడి గుంజినాము. ఈసారి చక్కగా తెరచుకొన్నది. నీరు పోసినాము. మూయునప్పుడు, అరిగిన కొక్కెము గదాయని భయపడి, మూతను మెల్లగా దించి అరచేతితో సుతారముగా అద్దినాము. మూసికొన్నట్లే కనబడినది. లేపి చూడలేదు. బావను పిలువలేదు.

ముందరి సీటులో మా అమ్మ, వెనుక మా ఇంటావిడయు, చీర సారెల బుట్టలును, వాని నడుమ మా చిన్నవాడు. సయన్ దాటి ఈస్టర్న్ ఎక్స్‌ప్రెస్ హైవే ఎక్కినాము. రోడ్డు ఖాళీగా ఉన్నది. బావ చెప్పిన 'మెల్లగ' మాట ఘాట్‌కోపర్ వచ్చుసరికి మరచినాము. విక్రోలీ దగ్గరలో మా అమ్మ అన్నది: "బిడ్డా, ముంగట రేకు ఊగుతాందేంది?"

చూచినాము. బానెట్టు ముందంచు రెండు వ్రేళ్ళు పైకి లేచి, గాలికి అదరుచున్నది. వర్లిలో బయలుదేరిననాటనుండి, కాదు, బయలుదేరిన క్షణమునుండి మొదటి కొక్కెము పడనేలేదు. ఇన్ని మైళ్ళు ఆ మూతను, అనగా మా అయిదు ప్రాణములలో నాలుగింటిని మాత్రమే కాదు, పక్కన పోవువారి ప్రాణములనుకూడ, పట్టి ఉంచినది వ్రేలెడు రెండవ కొక్కెము. అది జారినచో ఎదురుగాలికి రేకు ఎగిరి అద్దమునకు కొట్టుకొనును. డ్రైవరుకు ముందర నల్లని గోడ తప్ప మరేమియు కనబడదు.

అట్టి సమయములో ఏమి చేయవలెనో తరువాత బావ చెప్పగా నేర్చినాము. బ్రేకు ఒక్కసారిగా తొక్కరాదు. వెనుకవచ్చు బండి మీదపడును. కాలు యాక్సిలరేటరునుండి తీసి, నాలుగు దీపములు వెలిగించి, స్టీరింగు కదలింపక వేగము తగ్గించుకొనుచు ఎడమ అంచునకు చేరవలెను. రేకు పూర్తిగా ఎగిరినచో దాని కింది సందునుండి గాని, పక్క కిటికీనుండి గాని దారి చూడవలెను. మేము ఆనాడు చేసినది ఇందులో సగమే. మిగిలిన సగము మా అమ్మ భాగ్యము. వెనుకనే వచ్చుచున్న బావ మా వేగము తగ్గుట చూచి, తన టాక్సీని మాకు అడ్డముగా వెనుక నిలిపి, దీపములు వెలిగించి దిగినాడు.

బానెట్టు సందులో వ్రేళ్ళు పెట్టి చూచి, కొంతసేపు మాటలాడలేదు. "గా రెండోది లేకుంటే..." అని, మా అమ్మ వైపు చూచి మానినాడు. మమ్ము ఒక్కమాట అనలేదు. అనినచో బాగుండునని మాకు తోచినది. కారును దగ్గరలోని మెకానిక్కు కొట్టుకు చేర్పించి, చివరకు మేమందరము ఆయన టాక్సీలోను, ఒక ఆటోలోను ఇరుకుకొనియే భివండి చేరినాము. వరునివైపువారు మమ్ము ఏ బండిలో వచ్చితిరని అడుగనేలేదు.

ఆ రాత్రినుండి ఆ రెండవ కొక్కెమునుగూర్చి ఆలోచించుచున్నాము. అమెరికా ప్రభుత్వము 1960ల చివర చేసిన నిబంధనలలో ఇది ఒకటి: ముందునుండి తెరచుకొని డ్రైవరు చూపునకు అడ్డము వచ్చు బానెట్టుకు రెండవ పట్టు తప్పక ఉండవలెను. మనిషి మరచును, తొందరపడును, గర్వపడును అని ఎరిగినవారు చేసిన నియమము అది. మొదటి కొక్కెము యంత్రముకొరకు. రెండవది మనిషి తప్పుకొరకు.

మన కుటుంబములకు ఈ నగరములో అట్టి రెండవ పట్టు ఉండెను. కామాఠిపుర, నిజాము రాజ్యమునుండి వచ్చి ఈ నగరపు కట్టడములకు చెమటోడ్చిన కామాఠీల పేర వెలసిన పేట. వర్లిలో 1920 తరువాతి కొద్ది సంవత్సరములలో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటు 121 చాళ్ళు కట్టించినది. ఒక్కొక్క గది 160 చదరపుటడుగులు. వాటిలోను, చుట్టుపట్ల చాళ్ళలోను మనవారు చేరినారు. అందరిని పట్టి ఉంచినది మిల్లు జీతము. 1982 జనవరి 18న బట్టల మిల్లుల సమ్మె మొదలైనది. సుమారు రెండున్నర లక్షలమంది కార్మికులు పనిలోనికి పోలేదు. చాలమందికి ఆ పని మరల దొరకలేదు. మొదటి కొక్కెము జారినది. పెద్దబాపు ఆ ఏటి మాట ఎప్పుడో గాని చెప్పడు. చెప్పినప్పుడు మాత్రము, ఎవరింట చీటీ పాట వదలుకొన్నారో, ఎవరు పిల్లల ఫీజు కట్టినారో, ఎవరు తమ గదిలో ఇంకొక కుటుంబమునకు చోటిచ్చినారో వరుసగా చెప్పును. మిల్లు పోయినను మనుష్యులు రోడ్డున పడకుండ నిలిపినది అది.

ఇప్పుడు చాళ్ళు మారుచున్నవి. 2025 ఆగస్టులో వర్లి బీడీడీ చాళ్ళలో తొలివిడతగా 556 కుటుంబములకు, 500 చదరపుటడుగుల కొత్త ఇండ్ల తాళములు ఇచ్చినారు. మా వంతు రాలేదు. వచ్చిననాడు సంతోషముగా పోవుదుము. పదిమందికి ఒక పాయిఖానాయందు వరుసలో నిలిచినవారెవరును చాళును వదలుటకు కన్నీరు పెట్టరు. కాని అక్కడ కారు ఒక నంబరు గీతల నడుమ నిలుచును. పైన వరండా ఉండదు. మనము ఒక్కరమే రెండు వైపుల పరుగెత్తుట చూచి నవ్వువారుండరు. నవ్వువారు లేనిచోట దిగివచ్చువారును ఉండరు. అందుచేత పక్క తలుపు కొట్టి "అన్నా, కొంచెము వచ్చి ఒత్తి పట్టు" అని అడుగుట మనమే నేర్వవలెను. అడుగుట సిగ్గు కాదని ఆ ఆదివారము మాకు తెలిసినది. అడుగకపోవుటయే ప్రమాదము.

కొత్త లాకు మరునాడే వేయించినాము. ఉపయోగించినది కొనవచ్చునా అని అడిగితే, "అద్దం కొను, దీపం కొను, లాకు మాత్రం కొత్తదే కొను" అని బావ చెప్పినాడు. ఇప్పుడు నెలకొక ఆదివారము బానెట్టు తెరచి, లాకు తుడిచి గ్రీజు పెట్టుట మా ఇంట నియమము. లోపల పిడి గుంజుట మా చిన్నవాని పని. బయట ఒత్తుట మాది. వాడు బడిలో మరాఠీ మాటలు నేర్చినవాడు గనుక కొక్కెమును 'కడీ' అనుచుండెను. ఇప్పుడు పెద్దబాపు మాట పట్టి 'కొండి' అనుచున్నాడు.

పని ముగించి మూత వదలగానే మూడవ అంతస్తునుండి కేక వినవచ్చును.

"లేపి చూసినవా?"

చూచినాము, పెద్దబాపూ, అని మేము మరల ఒకమారు ముందంచు పట్టి, ఆయనకు కనబడునట్లు రెండు చేతులతో లేపి చూపుదుము.